వాటర్లూ తెలుగు ఆగమన నియంత్రణ మండలి

మనిషి ఆకాశంలో ఉన్నంతసేపు అతని క్షేమం గురించి కనీసం అరడజను ప్రభుత్వాలు ఆలోచిస్తూ ఉంటాయి. అతను నేల మీద కాలు పెట్టిన మరుక్షణం ఆ బాధ్యత ఒక వాట్సాప్ గ్రూపుకు బదిలీ అవుతుంది. మానవజాతి సాధించిన ప్రగతిలో ఇది ఒక ముఖ్య ఘట్టమనీ, ఆ ఘట్టం కెనడాలోని మన వాటర్లూలో, అమరేశ్వరరావు గారి బేస్‌మెంట్‌లో, పెద్ద టీవీ ముందు జరిగిందనీ చరిత్రకారులు రాసి తీరాలి. వాళ్లు రాయరేమోనన్న అనుమానంతో నేను రాస్తున్నాను.

కాలం సంగతి ముందు చెప్పాలి. కెనడాకు విద్యార్థులు వరదలా వస్తున్న రోజులవి. జనవరి ఇన్‌టేక్, మే ఇన్‌టేక్, సెప్టెంబర్ ఇన్‌టేక్ అని ఏడాదికి మూడు పంటలు. హైదరాబాదు మెట్రో స్తంభాల మీద సినిమా పోస్టర్లకు చోటు లేకుండా కాలేజీల పేర్లు వేలాడేవి. కాలేజీలు పిల్లల్ని పిలిచాయి, ప్రభుత్వం వీసా ఇచ్చింది, కన్సల్టెన్సీ వాళ్లు దండ వేసి ఫొటో తీశారు. వచ్చినవాళ్లు ఎక్కడ పడుకుంటారన్నది మాత్రం ఎవరి సిలబస్‌లోనూ లేదు. మన తెలుగు గ్రూపు తెరిస్తే చాలు, "అన్నా, అకామిడేషన్ ప్లీజ్", "అక్కా, ఎయిర్‌పోర్ట్ పికప్ ఎవరైనా" అని పొద్దస్తమానం అవే మెసేజీలు. మధ్యలో ఎవరో ఒకరు దోసెల పిండి అమ్ముతామని పెట్టేవారు. దానికి మాత్రం వెంటనే జవాబులు వచ్చేవి.

అమరేశ్వరరావు గారు తెనాలి నుంచి న్యూజెర్సీ మీదుగా వాటర్లూ చేరిన సాఫ్ట్‌వేర్ ఆర్కిటెక్టు. ఇక్కడి తెలుగు సంఘానికి అధ్యక్షులు. ఆయన ఒక్కగానొక్క కూతురు ధాత్రి టొరంటో విమానాశ్రయం టవర్‌లో ఎయిర్ ట్రాఫిక్ కంట్రోలర్. ఈ విషయాన్ని ఆయన చాలాకాలం దాచుకున్నారు. ఎవరైనా అడిగితే "ఏవియేషన్ సైడ్ సాఫ్ట్‌వేర్ అండీ" అనేవారు. కూతురు కిటికీలోంచి విమానాలు చూస్తూ కూర్చుంటుందని నలుగురిలో చెప్పడానికి ఆయనకు మొహం చెల్లలేదు.

అలాంటి ధాత్రిని ఆ ఏడాది సంఘం భోజనాల రోజున మాట్లాడమన్నారు. పిల్లలకు కెరీర్ గైడెన్స్ ఇవ్వాల్సిన డాక్టరు గారు రాలేకపోయారు. (ఆయన వచ్చి ఉంటే ఈ చరిత్రే లేదు.) ధాత్రి ఇక్కడే పుట్టిన పిల్ల. తెలుగు అర్థమవుతుంది, మాట్లాడితే సగం ఇంగ్లీషు. అయినా చక్కగా చెప్పింది.

"రెండు ప్లేన్లు దగ్గరికి రాకుండా చూడటం మా ఫస్ట్ జాబ్. పక్కకి ఇంత, పైకి ఇంత అని గ్యాప్ ఉంటుంది" అంది. "నేను ఏం చెప్పానో పైలట్ తిరిగి చెప్పాలి, రీడ్‌బ్యాక్ అంటాం. అది నేను వినాలి. వినడమే మెయిన్. వాళ్ల మిస్టేకే కాదు, నా మిస్టేక్ కూడా అక్కడే దొరుకుతుంది. ఇంక, నా సెక్టార్, అంటే నా ఏరియా, దాటే ముందు ప్లేన్‌ని ఇంకో కంట్రోలర్‌కి ఇస్తాను, హ్యాండాఫ్ అంటాం. అవతలి మనిషి 'తీసుకున్నాను' అని నోటితోనో, స్క్రీన్ మీదో చెప్పేదాకా ఆ ప్లేన్ నాదే. డౌట్ వస్తే ల్యాండింగ్ ఆపేస్తాను, మళ్లీ తిరిగి రమ్మంటాను. అది ఎమర్జెన్సీ కాదు, రోజూ జరిగేదే. నిజంగా ఎవరైనా కష్టంలో ఉన్నామంటే మాత్రం మిగతా అందరూ సైలెంట్ అయిపోతారు. ఆ ఒక్క వాయిస్ వినపడాలి కదా."

తర్వాత ప్రశ్నలు. సంఘం సభ్యుడు మహీధర్ జీతం ఎంత అని అడిగాడు. ఒక అంకుల్, ఏఐ వస్తే ఈ జాబ్ ఉంటుందా అమ్మా అన్నారు. ఒక ఆంటీ, పైలట్ సీటు రాకపోతేనే ఇందులో చేరతారా అని జాలిగా అడిగారు. వినడం గురించి ఎవరూ ఏమీ అడగలేదు.

కానీ వెనక వరసలో కూర్చున్న అమరేశ్వరరావు గారి మొహం వెలిగిపోయింది. సెక్టార్, అప్రోచ్, రీడ్‌బ్యాక్, హ్యాండాఫ్ వంటి మాటలు తన ఇంట్లోనే ఇన్నేళ్లుగా ఊరికే పడి ఉన్నాయని ఆయనకు అప్పుడే తెలిసింది. బిర్యానీ అయిపోయి పెరుగన్నం మొదలయ్యేలోపు ఆయన లేచి, గ్రూపులో మెసేజీలు పెట్టుకునే అనాగరిక పద్ధతి ముగిసిందనీ, ఇకపై విద్యార్థుల రాకను శాస్త్రీయంగా నియంత్రిస్తామనీ ప్రకటించారు. అందరూ చప్పట్లు కొట్టారు. చప్పట్ల అర్థం పెరుగన్నం వడ్డించమని కావచ్చు, కానీ తీర్మానంలో 'ఏకగ్రీవం' అని రాసుకున్నారు.

అలా మండలి పుట్టింది. ప్రధాన నియంత్రణాధికారి అమరేశ్వరరావు గారే. అప్రోచ్, అంటే దిగడానికి వచ్చేవాళ్లను చూసుకునే, నియంత్రణాధికారి మహీధర్. ఇతను పగలు సాఫ్ట్‌వేరు, సాయంత్రం రియల్ ఎస్టేటు. సొంతంగా కొన్ని ఇళ్లు, వాటి కింద బేస్‌మెంట్లు ఉన్నాయి. గ్వెల్ఫ్ సెక్టార్‌ను అక్కడ క్యాటరింగ్ చేసే త్యాగరాజుకు, విండ్సర్ సెక్టార్‌ను కారు విడిభాగాల ఫ్యాక్టరీలో సూపర్‌వైజర్ గోపీకృష్ణకు అప్పగించారు. ధాత్రిని అడక్కుండానే గౌరవ సాంకేతిక సలహాదారును చేశారు. (సలహా అడిగే నిబంధన ఏదీ పెట్టలేదు.) నన్ను పరిశీలకుడు అన్నారు. పరిశీలకుడికి సమావేశంలో తినే హక్కు ఉంటుంది, మాట్లాడే హక్కు ఉండదు.

మండలి తొలి ఘనకార్యం ఎడం పాటించడం. విమానాల మధ్య నిలువుగా ఇంత, అడ్డంగా ఇంత దూరం ఉండాలని ధాత్రి చెప్పిన సూత్రాన్ని మహీధర్ తన బేస్‌మెంట్లలో అమలు చేశాడు. నిలువు ఎడం కోసం బంకు మంచాలు తెప్పించాడు. అడ్డం ఎడం కోసం పరుపుకూ పరుపుకూ మధ్య ఒక జత చెప్పులు పట్టేంత స్థలం వదిలాడు. పై మంచం మీద పడుకున్నవాళ్లు ఒక్కసారిగా లేచి కూర్చోకూడదని గోడ మీద నోటీసు అంటించాడు. తల సీలింగ్‌కు తగిలితే అది విద్యార్థి తనకు కేటాయించిన ఎత్తు పాటించనట్టు లెక్క.

గది ఖాళీ లేకపోతే 'హోల్డింగ్', అంటే దిగే చోటు లేని విమానాన్ని గాలిలో తిప్పినట్టు తిప్పడం. వాటర్లూలో ఈ చివర నుంచి ఆ చివరకు తిరిగే లైట్ రైలు ఉంది కదా. లోపల వెచ్చగా ఉంటుంది. గది దొరకని పిల్లలు సూట్‌కేసులతో సహా అది ఎక్కి, ఎవరో ఒకరు ఖాళీ చేసేదాకా అటూ ఇటూ తిరుగుతూ ఉండాలి. కొందరు పిల్లలు ఆ వారంలో స్టేషన్ల పేర్లన్నీ కంఠతా పట్టేశారు. మండలి నివేదికలో దీన్ని 'నూతన విద్యార్థులకు నగర పరిచయం' అనే శీర్షిక కింద చేర్చారు.

రీడ్‌బ్యాక్ విషయంలో మహీధర్ మరీ కచ్చితం. ఏ సూచన ఇచ్చినా విద్యార్థి దాన్ని గ్రూపులో అక్షరం పొల్లుపోకుండా తిరిగి టైప్ చేయాలి. చివర్లో 'మహీధర్ గారూ' అని ఉండాలి. 'మహీధర్ అన్నా' అని ముగిస్తే చెల్లదు, మళ్లీ పెట్టాలి. సూచన సరైనదా కాదా అన్నది వేరే శాఖ విషయం. (ఆ శాఖను ఏర్పాటు చేయలేదు.)

అన్నిటికంటే గొప్పది హ్యాండాఫ్. ఒక అధికారి తన వల్ల కాదనుకున్నప్పుడు విద్యార్థి వివరాలను ఇంకో అధికారికి ఫార్వర్డ్ చేస్తాడు. ఆయన బొటనవేలు పైకెత్తిన బొమ్మ పెడితే బదిలీ పూర్తయినట్టు. ఆ బొటనవేలికి 'తీసుకున్నాను' అని అర్థమా, 'చూశాను' అని అర్థమా, 'సరేలే, ఇప్పుడు కాదు' అని అర్థమా అన్నది మండలి నిర్వచించలేదు. మనవాళ్లలో బొటనవేలు పెట్టడం మర్యాద. ఏమీ పెట్టకపోతే బాధపడతారు.

ఇంత పటిష్ఠమైన వ్యవస్థలోకి జనవరి ఇన్‌టేక్‌లో దేవిశ్రీ వచ్చింది.

దేవిశ్రీది మెట్‌పల్లి. ఇక్కడి ఒక కాలేజీలో సప్లై చెయిన్ కోర్సు. మహీధర్ బేస్‌మెంట్‌లో కిటికీ పక్క పై మంచం ఆమెకు కేటాయించారు. ఆ మంచం కోసం ఇంకా చాలామంది అడుగుతున్నారనీ, పికప్ తప్పితే అది తర్వాతివాళ్లకు పోతుందనీ మహీధర్ ముందే హెచ్చరించాడు. ఆ పిల్లకు ఈ దేశంలో తెలిసిన మనుషులు లేరు. ఉన్నదల్లా ఆ మంచం హామీ ఒక్కటే. ఫ్రాంక్‌ఫర్ట్‌లో విమానం మారేటప్పుడు ఆమె గ్రూపులో తన రీడ్‌బ్యాక్ పెట్టింది. "నేను అరైవల్స్ గేటు బయట రెండో స్తంభం దగ్గర నిలబడతాను. కారు వచ్చేదాకా అక్కడి నుంచి కదలను. వేరే ఎవరి కారూ ఎక్కను. కదిలితే నా బెడ్ నెక్స్ట్ స్టూడెంట్‌కు వెళ్లిపోతుందని అర్థమైంది మహీధర్ గారూ." మహీధర్ పచ్చ టిక్కు పెట్టాడు. చాలా బాగుంది, అందరూ ఇలా పెట్టడం నేర్చుకోవాలి అని కూడా రాశాడు.

ఆ శనివారం పొద్దున్నుంచే మంచు తుఫాను. వాటర్లూ నుంచి టొరంటోకు హైవే మీద కార్లు నత్తనడక నడుస్తున్నాయి. మహీధర్ తన కారుకు వింటర్ టైర్లు వేయించలేదు, గ్యారేజీలోనే పెట్టాడు. టొరంటోకు గ్వెల్ఫ్ దగ్గర కనుక దేవిశ్రీని త్యాగరాజుకు హ్యాండాఫ్ చేశాడు. త్యాగరాజు బొటనవేలు పెట్టాడు. త్యాగరాజుకు ఆ మధ్యాహ్నం ఒక సీమంతానికి భోజనాలు పంపే పని ఉంది. అత్తమామల్ని దింపడానికి గోపీకృష్ణ ఆ పొద్దున టొరంటో వచ్చాడని తెలిసి, దేవిశ్రీని అతనికి హ్యాండాఫ్ చేశాడు. గోపీకృష్ణ తుఫాను పెరగకముందే విండ్సర్ దారి పట్టి చాలా దూరం వెళ్లిపోయి, మధ్యలో పెట్రోలు కోసం ఆగినప్పుడు మెసేజ్ చూసి బొటనవేలు పెట్టాడు. నిబంధనల ప్రకారం ఇందులో ఒక్క తప్పు కూడా లేదు. మూడు సెక్టార్లూ పచ్చగా ఉన్నాయి.

అమరేశ్వరరావు గారి బేస్‌మెంట్‌లో మేమంతా టీవీ చుట్టూ చేరాం. విమానాలు ఎక్కడున్నాయో చూపించే యాప్‌ను ఆయన టీవీకి కలిపారు. దేవిశ్రీ వస్తున్న విమానం పసుపు రంగు బొమ్మలా మెల్లగా కదులుతోంది. ఆయన చేతిలో రిమోట్ పట్టుకుని నిలబడ్డారు. విమానం ఎడమకు తిరిగితే "గుడ్, లెఫ్ట్ టర్న్" అన్నారు. అది తిరిగాకే అన్నారనుకోండి. అయినా వినేవాళ్లకు ఆయన చెబితేనే తిరిగినట్టు అనిపించింది.

రన్‌వే దాకా వచ్చిన బొమ్మ దిగకుండా మళ్లీ పైకి లేచింది. అమరేశ్వరరావు గారి భార్య సుగుణ గారు కళ్లు మూసుకుని దండం పెట్టుకున్నారు.

"ఎమర్జెన్సీ" అన్నారు అమరేశ్వరరావు గారు. "ప్రోటోకాల్ ప్రకారం అందరూ సైలెంట్ అయిపోవాలి. మా అమ్మాయి చెప్పిందిగా."

ఫోన్ తీసి, గ్రూపులో ఇకపై అడ్మిన్లు తప్ప ఎవరూ మెసేజ్ పెట్టలేకుండా సెట్టింగ్ మార్చేశారు. అడ్మిన్లంటే ఆయనా, మహీధరూ, త్యాగరాజూ, గోపీకృష్ణా. కష్టంలో ఉన్నవాళ్ల గొంతు వినపడటం కోసమే మిగతావాళ్లు నోరు మూసుకోవాలని ధాత్రి చెప్పిన మాటలో సగమే ఆ గదికి చేరింది. ఆ సగాన్ని మాత్రం మండలి చక్కగా అమలు చేసింది.

అసలు ఆ సమయంలో టవర్‌లో జరిగింది ఇంతే. రన్‌వే మీద మంచు తోసే బండి పక్కకు జరిగానని ఇంకా చెప్పలేదు. జరిగినట్టే కనిపిస్తోంది, కానీ మాట రాలేదు. డ్యూటీలో ఉన్న కంట్రోలర్‌కు అనుమానం వచ్చింది. దిగొద్దు, మళ్లీ తిరిగి రండి అని పైలట్‌కు చెప్పింది. పైలట్ ఆ మాటే తిరిగి చెప్పి పైకి లేచాడు. ఆమెను తిట్టలేదు. బండి పక్కకు జరిగానని చెప్పింది. అప్పుడు కంట్రోలర్ గాలి ఎంత, కనిపించే దూరం ఎంత, రన్‌వే ఎంత జారుతోంది అన్నీ మళ్లీ చెప్పి, విమానాన్ని క్షేమంగా దింపింది. ఆ కంట్రోలర్ ధాత్రి. ఆ విమానంలో మెట్‌పల్లి అమ్మాయి ఉందని ఆమెకు తెలియదు. ఆమె చేసే ఉద్యోగానికి ప్రయాణికుల జిల్లా, మండలం, ఇంటిపేరు అక్కర్లేదు.

టీవీలో బొమ్మ నేల మీదకు దిగగానే బేస్‌మెంట్ చప్పట్లతో మారుమోగింది. అమరేశ్వరరావు గారు రిమోట్ కింద పెట్టి చెమట తుడుచుకున్నారు. గ్రూపులో 'సురక్షిత ల్యాండింగ్: కుమారి దేవిశ్రీ' అని పూల దండల బొమ్మతో ప్రకటన వెలువడింది. వెంటనే మహీధర్ 'రన్‌వే ఖాళీ చేసి స్తంభానికి చేరుకోవలెను' అని సూచన పెట్టాడు. ఆ తర్వాత నలుగురు అడ్మిన్లూ ఒకరికొకరు అభినందనలు చెప్పుకున్నారు. గ్రూపు ఎప్పుడూ లేనంత శుభ్రంగా ఉందనీ, అకామిడేషన్ గోల లేకపోవడంతో చదవడానికి హాయిగా ఉందనీ త్యాగరాజు రాశాడు. ఆ సెట్టింగ్‌ను అలాగే ఉంచుదామని తీర్మానించారు. తర్వాత నలుగురూ వీడియో కాల్‌లోకి వెళ్లి (గోపీకృష్ణ కారులోంచే, కెమెరా ఆపి), ఈ విజయాన్ని మిగతా నగరాలకు ఎలా విస్తరించాలో చర్చ మొదలుపెట్టారు. మహీధర్ నా పక్కనే కూర్చుని ఆ కాల్‌లో మాట్లాడుతున్నాడు. దేవిశ్రీ గోపీకృష్ణ కారులో వస్తోందని అందరం అనుకున్నాం. గోపీకృష్ణ, త్యాగరాజు కారులో వస్తోందనుకున్నాడు.

దేవిశ్రీ స్తంభం దగ్గర నిలబడి ఉంది.

హైదరాబాదులో కెనడా స్పెషల్ అని అమ్మిన జాకెట్ వేసుకుంది. దాన్ని కుట్టినవాడు కెనడా అంటే ఊటీ పక్కన అనుకుని ఉంటాడు. చేతులకు గ్లౌజులు లేవు. లోపలి వైఫై ఆ స్తంభం దగ్గరికి వచ్చీరానట్టు వస్తోంది. కారు ఎంతసేపటికి వస్తుందని గ్రూపులో అడగబోతే, అడ్మిన్లు మాత్రమే మెసేజ్ పంపగలరని ఫోన్ చెప్పింది. మహీధర్‌కు కాల్ చేస్తే వేరే కాల్‌లో ఉన్నాడు. లోపలికి వెళితే కారు వచ్చి వెళ్లిపోతుందేమో, మంచం పోతుందేమో. పసుపు కోటు వేసుకున్న ఎయిర్‌పోర్ట్ ఉద్యోగి ఒకాయన వచ్చి లోపలికి వెళ్లమని చెప్పాడట. కాసేపాగి మళ్లీ వచ్చి చెప్పాడట. ఆయనకు మండలి గుర్తింపు లేదు కనుక ఆమె కదల్లేదు.

ధాత్రి షిఫ్ట్ దిగి ఫోన్ చూసుకుంది. గ్రూపులో దేవిశ్రీ పేరుతో ఉన్న ఆఖరి మెసేజ్ ఫ్రాంక్‌ఫర్ట్ నుంచి పెట్టిన రీడ్‌బ్యాక్. దాని కింద నిండా దండలూ, చప్పట్లూ. ఆ అమ్మాయి మాట మాత్రం మళ్లీ ఎక్కడా లేదు.

"మా దగ్గర అలా ఒక ప్లేన్ నుంచి ఆన్సర్ ఆగిపోతే అందరం లేచి నిల్చుంటాం, అంకుల్" అని తర్వాత నాతో అంది. "దే వర్ క్లాపింగ్."

తండ్రికి ఫోన్ చేసింది. ఆయన వీడియో కాల్‌లో ఉన్నారు. గ్రూపులో అడుగుదామంటే గౌరవ సలహాదారు అడ్మిన్ కాదు. కారు తీసుకుని అరైవల్స్ వైపు వెళ్లింది. రెండో స్తంభం ఎక్కడుందో వెతకనక్కర్లేదు, రీడ్‌బ్యాక్‌లో రాసే ఉంది.

"దేవిశ్రీ?" అంది అద్దం దించి.

"మహీధర్ సార్ పంపిన్రా అక్కా?"

"నో. ముందు కారెక్కు."

"వేరే కారు ఎక్కొద్దన్నరక్కా. ఎక్కితే బెడ్డు పోతది."

ధాత్రి కారు దిగింది. "నేను టవర్ నుంచి వచ్చాను" అంది. దేవిశ్రీ సామాన్ల బండిని కారు వైపు తిప్పింది. పాపం, మండలికి కూడా టవర్ ఉంటుందని నమ్మింది. సామాన్ల బండి మీదినుంచి చేతులు తీయబోతే వేళ్లు విచ్చుకోలేదు. ధాత్రే ఒక్కొక్క వేలూ విడదీసి, తన గ్లౌజులు తొడిగి, ఇంటికి కాకుండా నేరుగా ఆసుపత్రికి తీసుకెళ్లింది. చలికి వేళ్ల కణాలు దెబ్బతిన్నాయన్నారు డాక్టర్లు. మిగతావి కోలుకుంటాయి, ఎడమ చేతి చివరి రెండు వేళ్ల కొసల్లో స్పర్శ తిరిగి వస్తుందో లేదో వసంతం దాకా చెప్పలేమన్నారు.

తర్వాతి వారం మండలి విచారణ జరిపింది. విమానయానంలో ప్రతి సంఘటన మీదా విచారణ ఉంటుందనీ, అందులో ఎవరినీ నిందించరనీ అమరేశ్వరరావు గారు ఎక్కడో చదివారు. రెండో సగం ఆయనకు బాగా నచ్చింది. అదే బేస్‌మెంట్, అదే టీవీ. త్యాగరాజు బిర్యానీ తీసుకుని వచ్చాడు. గోపీకృష్ణ విండ్సర్ నుంచి వీడియోలో పాల్గొన్నాడు. చేతికి కట్లతో దేవిశ్రీ, ఆమె పక్కన ధాత్రి కూర్చున్నారు.

"చలేస్తే లోపలికెళ్లాలని తెలియదా అమ్మా?" అన్నారు అమరేశ్వరరావు గారు ప్రేమగా. "చదువుకున్న పిల్లవి."

"కదలొద్దన్నరు కద సార్."

"అది జనరల్ రూలమ్మా. చలికి వర్తించదు."

"నాకు చెప్పలే సార్. నేను మెసేజ్ గూడ పెట్టిన అట్లనే అని. మీరు కరెక్ట్ అన్నరు."

అందరూ మహీధర్ వైపు చూశారు. మహీధర్ ఫోన్ తెరిచి రీడ్‌బ్యాక్ చదివి వినిపించాడు. నిజంగానే అందులో ఒక్క అక్షరం తప్పు లేదు.

"నా బెడ్డు ఉందా సార్?" అని అడిగింది దేవిశ్రీ. వారం నుంచి ఆమె ధాత్రి ఫ్లాట్‌లో ఉంటోంది. అయినా ఆ ప్రశ్న అడగడానికే వచ్చిందని నాకు అప్పుడు అర్థమైంది.

మహీధర్ ప్లేటులోంచి లెగ్ పీసు అందుకున్నాడు. "అది ఆ రోజు పొద్దున్నే వేరే అమ్మాయికి ఇచ్చేశానమ్మా. తుఫానుకి నీ ఫ్లైట్ రాదేమో అనుకున్నాం."

ఇక్కడ నాకు ఒళ్లు మండింది. వ్యంగ్యం రాసేవాడికి ఒళ్లు మండకూడదంటారు. లేని మంచం పోతుందని భయపెట్టి ఒక పిల్లను మంచులో నిలబెట్టి, ఆ పిల్ల ముందు కూర్చుని లెగ్ పీసు చీకుతున్న మనిషిని చూస్తూ నవ్వులాటగా రాయడం ఎలాగో నాకు తెలియదు. పరిశీలకుడికి మాట్లాడే హక్కు లేదు. అయినా సిగ్గు లేదూ అన్నాను. అది మినిట్స్‌లో నమోదు కాలేదు.

తండ్రి చెప్పేది, మహీధర్ చెప్పేది, వీడియోలో గోపీకృష్ణ చెప్పేది ధాత్రి పూర్తిగా విన్నది. ముగ్గురూ అయ్యాక ఒక్కటే అడిగింది.

"డాడ్, హూ హ్యాడ్ హర్? ఆ టైమ్‌లో ఆ అమ్మాయి ఎవరి చేతిలో ఉంది?"

మహీధర్ తన ఫోన్‌లో త్యాగరాజు పెట్టిన బొటనవేలు చూపించాడు. త్యాగరాజు తన ఫోన్‌లో గోపీకృష్ణ పెట్టిన బొటనవేలు చూపించాడు. తాను పెట్టింది మెసేజ్ చూశానని చెప్పడానికేనన్నాడు గోపీకృష్ణ. అమరేశ్వరరావు గారు చెడ్డవారు కాదు. కూతురి ప్రశ్నకు మంచి జవాబు చెప్పాలని మనస్ఫూర్తిగా అనుకున్నారు.

"మనందరి చేతిలోనూ ఉందమ్మా" అన్నారు. "కమ్యూనిటీ అంటే అదేగా."

ధాత్రి లేచింది. దేవిశ్రీ కోటు జిప్పు తానే పైకి లాగింది, ఆ చేతులతో ఆమె లాక్కోలేదు కనుక. ఇద్దరూ మెట్లెక్కి వెళ్లిపోయారు. సుగుణ గారు ఒక డబ్బాలో బిర్యానీ సర్ది వెనకే పరిగెత్తారు. తలుపు అప్పటికే మూసుకుంది. ఆ సాయంత్రమే ధాత్రి గ్రూపులోంచి కూడా తప్పుకుంది.

విచారణ నివేదిక ఆదివారం విడుదలైంది. అందులో ముఖ్యాంశాలు ప్రజల సౌకర్యార్థం ఇక్కడ ఇస్తున్నాను. విమానం సురక్షితంగా దిగింది. సూచనలు స్పష్టంగా ఇవ్వబడ్డాయి. విద్యార్థిని వాటిని దోషరహితంగా తిరిగి చెప్పింది, తు.చ. తప్పకుండా పాటించింది. బదిలీలన్నిటికీ బొటనవేలి ఆమోదం ఉంది. చివరి బదిలీలో విద్యార్థినిని గౌరవ సలహాదారు ధాత్రి గారికి విజయవంతంగా అప్పగించడమైనది. కనుక వ్యవస్థలో లోపమేదీ కనిపించలేదు. ఇకపై వచ్చేవాళ్లు గ్లౌజులు తెచ్చుకోవలెను.

మే ఇన్‌టేక్ పిల్లలు అప్పుడే గ్రూపులో చేరడం మొదలుపెట్టారు. వాళ్ల పేర్లు ఒక్కొక్కటే వచ్చి కనిపిస్తున్నాయి, మాటలు రావు. గ్రూపు ఇప్పటికీ అడ్మిన్లకు మాత్రమే తెరిచి ఉంది. మండలి పనితీరు మీద ఆ రోజు నుంచి ఈ రోజు దాకా ఒక్క ఫిర్యాదు కూడా అందలేదు.